చదివితే సరిపోదు, తిరగరాయాలి

పుస్తకాలు బాగా చదివితే రాయడం అదే వస్తుందని చాలామంది అంటారు. సగమే నిజం. డిగ్రీ, పీజీ పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోయేది తిరగరాసే దగ్గరే. వారానికి ఒక పేజీ, 250 పదాలు రాయండి. ఒక రోజు పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరవండి. ‘పరిశీలన చేయబడినది’ లాంటివి కనిపిస్తే ‘పరిశీలించాం’ అని మార్చండి. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాన్ని మనసులో అనువదించుకుంటూ రాయడం వల్ల తరచూ ఈ ‘బడు’ వచ్చి పడుతుంది. ఎవరు చేశారో తెలియకుండా పోతుంది. ఆ తర్వాత అదే పేజీని మూడో వంతుకు కుదించండి. ఏది ముఖ్యమో తేల్చుకోక తప్పదు కాబట్టి, నా దృష్టిలో ఇంతకు మించిన సాధన లేదు.

సెమినార్‌లో మాట్లాడటానికీ ఇదే పద్ధతి. పది నిమిషాలకు మూడు అంశాలు చాలు. మొత్తం బట్టీ పడితే మధ్యలో ఒక్క మాట మరిచిపోయినా గొలుసు తెగుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం కంఠస్థం చేసి, మిగతాది చీటీ మీద ముక్కలుగా రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ‘అంటే’, ‘సో’ ఎన్నిసార్లు దొర్లాయో లెక్క తెలుస్తుంది. స్లైడ్ చూసి చదవడం మాత్రం దయచేసి వద్దు.