పీకే వాళ్లతో జాగ్రత్త

నెల్లూరు జిల్లాలో మొక్కలు నాటే అలవాటున్న పెద్దలందరికీ ఒక హెచ్చరిక. ఉదయగిరి వైపు ఒక ఊరి బయట మిట్ట మీద ప్రతి ఆదివారం ఎండ ఎక్కకముందే కొంతమంది గుమిగూడుతున్నారు. రిటైరైన టీచర్ ఒకాయన, బైక్ మెకానిక్ ఒకడు, డిగ్రీ చదివే పిల్లలు నలుగురైదుగురు, ఇంట్లో టిఫిన్లు చేసిపెట్టి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు. చేతుల్లో గడ్డపారలు. బ్యానర్ లేదు, మైక్ లేదు, కనీసం అధ్యక్షుడు కూడా లేడు. అనుమానమొచ్చి దగ్గరికెళ్లి, "ఏం నాటుతున్నారు మాస్టారూ?" అని మర్యాదగానే అడిగాను. "ఏం నాటట్లేదు నాయనా, చిల్లకంప పీకుతున్నాం. ఇది పోతే పాత అడివి అదే లేస్తది" అన్నాడాయన, వంచిన నడుము ఎత్తకుండానే. చిల్లకంప అంటే సర్కారు తుమ్మే, ఆ ముళ్ల చెట్టు.

నాటకుండా పర్యావరణం ఏంటసలు?

మా కమిటీ ఇన్నేళ్లుగా పచ్చదనాన్ని ఒక పద్ధతి ప్రకారం కాపాడుకొస్తోంది. షామియానా వేయాలి, ఫ్లెక్సీ కట్టాలి, ముఖ్య అతిథి రావాలి, ఆయన రెండు వేళ్లతో మొక్క పట్టుకుంటే మిగతా అందరం ఆయన భుజాల మీదుగా కెమెరా వైపు చూడాలి, ఆ తర్వాత ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు పోయాలి. ఆ మొక్కకి అవే ఆఖరి నీళ్లని గిట్టనివాళ్లు అంటుంటారు. అయితే అవనీండి, తప్పు మాది కాదు, వానది. వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు, జూలై మొదటి వారంలో జరుపుతాం. ఆ టైముకి ఢిల్లీలో వాన, నెల్లూరులో పడమర గాలి. మన దగ్గర ఏడాది మొత్తం కురిసేదాంట్లో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. ఆ సంగతి గొర్రెలు కాసేవాడికి కూడా తెలుసు. తెలిస్తే మాత్రం, వాన కోసం ముఖ్య అతిథి డేటు మారుస్తామా? చిత్త, స్వాతి కార్తెల దాకా నాలుగు నెలలు ఓపిక పట్టలేని మొక్క రేపు పెద్దదై ఎవరికి నీడనిస్తుంది చెప్పండి.

ఇక ఆ చిల్లకంప గురించి. దాన్ని నేను బహిరంగంగా సమర్థిస్తున్నాను. ట్రీ గార్డు అడిగిందా అది? నీళ్ల ట్యాంకర్ అడిగిందా? మేం నాటినవాటిలో బతికినవి వెతుక్కోవాలి, మేం నాటని చిల్లకంప మాత్రం చెరువు కట్ట నుంచి శ్మశానం దాకా నిగనిగలాడుతూ మా పరువు నిలబెడుతోంది. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది కదా, ఏ పచ్చ అని ఎవరు అడిగారు. ఇది మధ్య, దక్షిణ అమెరికాల చెట్టు, వంటచెరుకు కోసమని 1870ల్లో దొరలు గింజలు తెప్పించి పక్కనే కడప జిల్లా కమలాపురంలో వేయించారు. అదే అమెరికా ఖండానికి మనమేం పంపించాం? ఒంగోలు గిత్తల్ని. బ్రెజిల్‌లో అవి నెలోర్ అనే పేరుతో కోట్లలో పెరిగాయి, ఆ దేశపు మాంసం వ్యాపారం చాలావరకు వాటి మీదే నడుస్తోంది. గిత్తల్నిచ్చి ముళ్లు తెచ్చుకున్నాం. ఇలాంటి బేరం చేయగలిగిన జాతి మీద అనుమానపడటం నాకైతే నచ్చలేదు.

(వ్యంగ్యం పక్కనపెట్టి ఒక్క మాట. గ్యాస్ రాకముందు చాలా పల్లెల్లో పొయ్యి వెలిగింది దీంతోనే. బొగ్గుల బట్టీల వాళ్ల బతుకు ఇప్పటికీ దీని మీదే. మాస్టారు కూడా కాదనలేదు, పీకిన మొద్దులు వాళ్లకే ఇస్తున్నారట. సరే, మళ్లీ విషయానికొద్దాం.)

ఈ చెట్టు ఎలా గెలుస్తుందో కూడా ఆయన చెప్పాడు, నేను అడగకపోయినా. దీని ఆకు మేక కూడా ముట్టదు. మేక ముట్టని ఆకు అంటే ఆలోచించుకోండి. కాయలు మాత్రం తియ్యగా ఉంటాయి, అవి తిన్న గొడ్డూ గోదా ఎక్కడికెళ్తే అక్కడ పేడలో గింజ పడి మొలుస్తుంది. ఈ లోపు మేక పక్కనున్న రేగునీ బలుసునీ మొదలంటా కొరికేస్తుంది. ఇంక దీనికి అడ్డేముంది? నరికితే ఒక మాను పోయి పది కొమ్మలు లేస్తాయి. అందుకని వాళ్లు నరకరు, మొదలు చుట్టూ తవ్వి వేరు పైభాగంతో సహా లేపుతారు. ఒక్క మోడుకి పొద్దంతా పడుతుంది ఒక్కోసారి. పీకిన కంపనే చుట్టూ కంచెగా పేరుస్తారు, మేకలు రాకుండా. గొర్రెల కాపరులతో ముందే మాట్లాడుకుని ఒక పక్క దారి వదిలారట. జీవితంలో ఏం పీకావురా అని ఎవరైనా అడిగితే చేత్తో చూపించగలిగేది ఈ జిల్లాలో వీళ్లొక్కరే, నాకు కడుపుమంట అక్కడే.

ఇంత నెమ్మదిగా చేయడానికి వాళ్లకి విదేశీ ప్రేరణ కూడా ఉంది. ఆస్ట్రేలియాలో, సిడ్నీలో, జోన్, ఐలీన్ బ్రాడ్లీ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు 1960లలో మొదలుపెట్టిన పద్ధతట. అడవి ఎక్కడ బాగా మిగిలి ఉందో అక్కడ మొదలుపెట్టి పాడైన వైపు జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదపాలి. అక్కడి మొక్కలు ఎంత వేగంగా కోలుకుంటే అంత వేగంగానే కలుపు తీయాలి, తొందరపడకూడదు. మన పద్ధతి తెలుసుగా? రోడ్డు మీద నుంచి ఎక్కడ కనబడుతుందో అక్కడ మొదలుపెట్టాలి, జేసీబీ పెట్టి మట్టిని వీలైనంత ఎక్కువ కదపాలి, మంత్రిగారొచ్చే లోపల అయిపోవాలి.

పోనీ, ఇంత కష్టపడితే లేచిందేమిటి? తంగేడు, బలుసు, పరికి, కలివి, కానరేగు, పాల అనే చెట్టు మొక్కలు రెండు. వాటికి పేర్లు చెప్పేది ఒక యానాది ముసలమ్మ. ఆకు నలిపి వాసన చూసి చెప్పేస్తుంది. "నీకు సర్టిఫికెట్ ఉందా అవ్వా?" అని అడిగాను. "అదేం ఆకు సామీ?" అంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డన్ దొర కూడా ఈ ప్రాంతపు పిట్టల సంగతులు యానాదుల్ని అడిగే తెలుసుకున్నాడు, కానీ పిట్టకి ఆయన పేరు పెట్టారు. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్, మన కలివికోడి అదే. అంతరించిపోయిందనుకున్నది 1986లో వెలిగొండలకు అవతల కడప జిల్లాలో మళ్లీ కనిపించింది, ఇలాంటి ముళ్ల పొదల మధ్యే. రాత్రిళ్లు తిరుగుతుంది, ఎవరికీ కనబడదు, సెల్ఫీకి రాదు. దానికోసం ఇంత జాగా ఖాళీగా ఉంచుతామా, వెంచర్ వేస్తే గజం ఎంత పలుకుతుందో తెలియక కాకపోతే!

అసలు ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఇది అడవి కాదు. దేశపు బంజరు భూముల అట్లాస్‌లో పొదల నేలకి ప్రత్యేకంగా గడులు కేటాయించారు. హైదరాబాద్‌లో కూర్చుని ఉపగ్రహం ఫోటోలు చూసి తేల్చిన లెక్క అది. ఆ ఉపగ్రహాల్లో ఈమధ్యవి ఎగిరిందేమో శ్రీహరికోట నుంచి. 2022లో జిల్లాలు విడదీసేదాకా శ్రీహరికోట మన నెల్లూరుదే. కోరమండల్ తీరంలో ఒకప్పుడు ఉన్న పొడి సతతహరిత అడవి, పాల, అల్లి, నేరేడు కలిసి పెరిగేది, ఇవాళ కాస్త చెప్పుకోదగ్గట్టు మిగిలిన కొద్ది చోట్లలో శ్రీహరికోట ఒకటి. ఎందుకు మిగిలింది? రాకెట్లున్నాయి కాబట్టి మనల్ని లోపలికి రానివ్వరు. అంతే. అక్కడే పుట్టి పెరిగిన యానాదుల్ని కూడా చాలామందిని బయటికి పంపించారు, అది వేరే కథ, దాని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చేతకాదు. అడవికి మాత్రం మన కమిటీల నుంచి రక్షణ దొరికింది. కాబట్టి మండలానికో రాకెట్ కేంద్రం పెట్టమని కేంద్రాన్ని కోరుతున్నాను, ప్రయోగాలు లేకపోయినా ఫర్వాలేదు, గేటూ సెక్యూరిటీ ఉంటే చాలు.

వినాయక చవితికి పత్రి గొడవ కూడా ఉంది గానీ ఒక్క ముక్కలో చెప్తాను. ఉత్తరేణి, వాకుడు, వావిలి, జమ్మి, రేగు అన్నీ ఈ బీడు మిట్టల మీదవే. పోయిన చవితికి బజార్లో కొన్న కట్టలో నాకు వచ్చింది మాత్రం డివైడర్ మీది కోనోకార్పస్ కొమ్మ. వినాయకుడు ఏమీ అనలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు పెద్దలు, బలుసే బతికి లేకపోతే ఏం తినాలో వాళ్లు చెప్పలేదు, మా కమిటీ వచ్చే మీటింగ్‌లో తేలుస్తుంది.

ఆ మాస్టారు బృందం మీద మేం కలెక్టర్‌కి అర్జీ పెడుతున్నాం. అనుమతి లేకుండా పచ్చదనాన్ని పీకడం, ఫోటో లేకుండా సేవ చేయడం, జూలైలో ఖాళీగా ఉండి అక్టోబరులో మిట్ట మీద కనబడటం, ఇవి ప్రధాన అభియోగాలు. సంతకాలు కావాలి. జూలై మొదటి ఆదివారం వనమహోత్సవానికి వస్తే అక్కడే పెట్టేయొచ్చు, మజ్జిగ ప్యాకెట్లు, టోపీలు ఉంటాయి, పార తేనక్కర్లేదు. గుంతలు పోయిన ఏడువే ఉన్నాయి.