ఆ లారీ డ్రైవర్‌కు పేరెందుకు లేదు?

‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ మొదటి భాగాన్ని ఒక్క మాట అన్నా మా మిర్యాలగూడ కుర్రాళ్ళు ఊరుకోరని తెలుసు. అయినా రాస్తున్నాను. 2001లో వచ్చిన సినిమా ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కార్లు బాగున్నాయి, పందేలు బాగున్నాయి. చివర్లో రైలు దూసుకొస్తుండగా రెండు కార్లు పట్టాలు దాటినప్పుడు నేనూ ఊపిరి బిగబట్టాను, దాచుకోవడం ఎందుకు. నా గొడవంతా లారీ దగ్గర.

చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో కథ. లాస్ ఏంజెలెస్‌లో ఒక ముఠా నల్ల హోండా సివిక్ కార్లలో వచ్చి, రాత్రిపూట పరుగెత్తే లారీలను చుట్టుముడుతుంది. కొక్కెం పేల్చి ముందు అద్దం ఊడబీకుతుంది, ఒకడు క్యాబిన్‌లోకి దూకుతాడు, డీవీడీ ప్లేయర్ల లోడు మాయం. వాళ్ళను పట్టుకోవడానికి బ్రయాన్ అనే కుర్ర పోలీసు విడిభాగాల దుకాణంలో పనివాడిగా చేరి, పందేల రాజు డొమినిక్‌తో స్నేహం కడతాడు. అతని చెల్లెల్ని ప్రేమిస్తాడు, వాళ్ళ ఇంటి భోజనం తింటాడు. ఆఖరికి సంకెళ్ళు వేయాల్సిన చేత్తోనే తన కారు తాళం చెవి ఇచ్చి దొంగను సాగనంపుతాడు. చూసేవాళ్ళంతా చప్పట్లు.

దొంగకు ఒక బాధ ఉంది. తండ్రి కారు పందెంలో చనిపోయాడు. పోలీసుకూ బాధే, స్నేహమా ఉద్యోగమా అని. ఇద్దరి బాధా మనకు విప్పి చూపించారు, మంచిదే. మరి అద్దం పోయి, క్యాబిన్‌లోకి ఎవడో దూకుతుంటే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నవాడి సంగతేమిటి? అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, కనీసం ‘నీకేమైంది’ అని అడిగే మనిషి లేడు. డ్రైవర్లు ఆయుధాలు పట్టుకుంటున్నారన్న మాట ఒకచోట వస్తుంది. అది కూడా పాపం దొంగలకు ముంచుకొస్తున్న గండంలాగే వినిపిస్తుంది తప్ప, వీళ్ళు ఎంత భయపడితే ఆ పని చేస్తారని ఎవరికీ తట్టదు.

చివరి దోపిడీ చూడండి. ఈసారి డ్రైవర్ దగ్గర తుపాకీ ఉంది. ముఠాలో ఒకడు లారీ మీదికి ఎక్కి, తీగలో చెయ్యి ఇరుక్కుని వేలాడుతుంటాడు. డ్రైవర్ కాలుస్తాడు. ఆ దృశ్యాన్ని ఎంత నేర్పుగా తీశారంటే, తన బండిని తాను కాపాడుకుంటున్నవాడు రాక్షసుడిలా కనిపిస్తాడు. మొన్న పండక్కి మా ఇంట్లో పిల్లలతో కలిసి చూస్తుంటే సరిగ్గా అక్కడ మా అక్క కొడుకు, ‘‘ఆ డ్రైవర్ చచ్చిపోతే బాగుండు మామయ్యా’’ అన్నాడు. వాడి తాత నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద జీవితమంతా లారీ నడిపిన మనిషి. పక్క గదిలో పడుకుని ఉన్నారు. వాడి తప్పేమీ లేదు. సినిమా అలా అనిపించేలా తీశారు.

మా నాన్న బియ్యం లోడు వేసుకుని వాడపల్లి దగ్గర కృష్ణ దాటి వెళ్ళేవారు. రాత్రి ఢాబా దగ్గర బండి ఆపితే డీజిల్ టాంకు మూతకు తాళం వేసి, దాని మీద ఖాళీ డబ్బా బోర్లించేవారు. ఎవడైనా చెయ్యి పెడితే డబ్బా పడి చప్పుడు కావాలని. సీటు కింద జాకీ రాడ్డు ఎప్పుడూ చేతికి అందేలా ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తే వెనక ఎవరైనా పట్టా తాళ్ళు కోస్తున్నారేమోనని క్లీనర్ తల బయటపెట్టి చూస్తూనే ఉండాలి. దించేచోట నాలుగు బస్తాలు తక్కువ వచ్చాయంటే ఎవరు పట్టుకుపోయారని ఎవరూ అడగరు. కిరాయిలో కోత పడుతుంది, అంతే. కొన్నిసార్లు డ్రైవరే అమ్ముకున్నాడన్న మాట కూడా పడాలి. డబ్బు పోయిన దానికన్నా ఆ మాటకే నాన్న ఎక్కువ కుమిలిపోయేవారు. ‘సరుకు కంపెనీది, బీమా ఉంటుంది, డ్రైవర్‌కు పోయేదేముంది’ అనేవాళ్ళు ఒక్క ట్రిప్పు క్యాబిన్‌లో కూర్చుని వస్తే తెలుస్తుంది.

చట్టం రాసినవాళ్ళు నయం. దోపిడీకి పదేళ్ళ దాకా శిక్ష అని రాసి, అదే హైవే మీద సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగితే 14 ఏళ్ళ దాకా వేయవచ్చన్నారు. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఈ మాటను 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అలాగే ఉంచింది. పైగా రవాణా వాహనాన్ని గానీ, అందులోని సరుకును గానీ దొంగిలిస్తే ఏడేళ్ళ దాకా శిక్ష అని కొత్తగా చేర్చింది. పాత చట్టంలో మామూలు దొంగతనానికి మూడేళ్ళే. రాత్రి రోడ్డు మీద మనిషి ఎంత ఒంటరో 1860లో ఆంగ్లేయుడికి కూడా అర్థమైంది. 2001లో హాలీవుడ్‌కు కాలేదు.

పోలీసు దొంగల్లో కలిసిపోయే కథలు మనకు కొత్త కాదు. 2006లో ‘పోకిరి’ చూసి ఊగిపోయిన జనమే కదా మనమంతా. అందులో లేని పోని అతి చాలా ఉంది కానీ, హీరో ఎందుకు ఆ వేషం వేశాడో చివరిదాకా మరచిపోడు. బ్రయాన్ మరచిపోయాడు. దొంగతో నాలుగు రోజులు తిరిగితే మనసు కరగడం సహజమే, కాదనను. కానీ కరిగిన మనసు ఒక్క వైపుకే పారుతుందా? కేసు మొదలైందే ఆ లారీల వల్ల. ఒక్క డ్రైవర్ ఎదుట కూర్చుని అతను చెప్పేది వింటున్నట్టు ఒక్క నిమిషం చూపించి, ఆ తర్వాత తాళం చెవి ఇప్పించి ఉంటే, అప్పుడు ఆ పోలీసు నిజంగా నలిగిపోయినట్టు ఉండేది. ఇప్పుడున్నది మిత్రధర్మం పేరుతో జరిగిన ఎగవేత.

ఆ తర్వాతి భాగాల్లో ఈ ముఠా లోకాన్ని కాపాడే స్థాయికి ఎదిగింది. 2023లో పదో భాగం కూడా వచ్చింది. డొమినిక్ నోరు తెరిస్తే కుటుంబం, కుటుంబం అంటాడు. లారీ నడిపేవాడికి మాత్రం అలాంటిదేమీ ఉండదు కాబోలు.

తిట్టదలచుకున్నవాళ్ళు కింద తిట్టండి. కాకపోతే ముందు మీ ఇంట్లోనో పక్కింట్లోనో లారీ నడిపినవాళ్ళు ఉంటే, వాళ్ళ పక్కన కూర్చుని ఆ తుపాకీ దృశ్యం మళ్ళీ చూసి రండి.