ఆ హెరాయిన్ మెసేజ్ ఇక పంపకండి

పది రోజుల్లో ఒకే మెసేజ్ నాకు అయిదుగురు పంపారు. అందరూ సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్ళే. "జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ గురించి ఆయన ప్రొడ్యూసర్ బయటపెట్టిన నిజాలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద అయిదు పాయింట్లు. ఆ ప్రొడ్యూసర్ రివర్‌సైడ్ రికార్డ్స్ అనే కంపెనీకి చెందిన ఆరిన్ కీప్‌న్యూస్. ఆయన 2015లో పోయారు, కాబట్టి ఇవి నా మాటలు కావని వచ్చి చెప్పలేరు. మొదటి రెండుసార్లు చూసి వదిలేశాను. మూడోసారి "ఇది తప్పు" అని రాస్తే, "ఎవరో పంపారు, బాగుందని పంపాను" అని జవాబొచ్చింది. బాగుండటానికీ నిజమవడానికీ సంబంధం లేదు కదా!

ముందు నాలుగో పాయింటు తీసేద్దాం. 'వాల్ట్జ్ ఫర్ డెబీ' ప్రియురాలి కోసం కట్టిన ట్యూన్ అట. డెబీ ఆయన అన్న కూతురు, అప్పటికి చిన్నపిల్ల. అయిపోయింది.

మొదటి పాయింటు: ఎవాన్స్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, అంతా పుట్టుకతో వచ్చింది. సౌత్ఈస్టర్న్ లూసియానా కాలేజీలో సంగీతం చదివి 1950లో పట్టా తీసుకున్న మనిషి గురించి ఈ మాట. సైన్యంలో మూడేళ్ళు చేసి వచ్చాక, అమ్మానాన్నల ఇంట్లో పియానో పెట్టుకుని దాదాపు ఏడాదిపాటు సాధన చేశారు. న్యూయార్క్ వెళ్ళింది ఆ తర్వాత. అక్కడ మళ్ళీ సంగీత కళాశాల మానెస్‌లో కంపోజిషన్ చదువు. ఇంత కష్టాన్ని ఒక్క వాక్యంతో తుడిచేస్తే అది పొగడ్త ఎలా అవుతుంది?

రెండో పాయింటు: మొదటి రికార్డుతోనే రాత్రికి రాత్రి స్టార్. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. మండెల్ లో అనే గిటారిస్టు తన దగ్గరున్న ఎవాన్స్ టేపును ఫోన్‌లో వినిపిస్తే, అవతల కీప్‌న్యూస్, ఆయన భాగస్వామి బిల్ గ్రౌయర్ విన్నారు. టెలిఫోన్ రిసీవర్‌లో పియానో ఎంత సన్నగా వినిపిస్తుందో మీకు తెలుసు. ఆ కాస్త వినే ఆసక్తి చూపించారు. 1956 సెప్టెంబర్‌లో తొలి ఆల్బమ్ రికార్డయింది. మొదటి ఏడాదిలో అమ్ముడైనవి 800 కాపీలు. రెండో ఆల్బమ్ రికార్డింగ్ 1958 డిసెంబర్‌లో, అంటే మధ్యలో రెండేళ్ళ పైచిలుకు. ఆలస్యం కంపెనీది కాదు. కొత్తగా చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని ఎవాన్సే ముందుకు రాలేదు. 800 కాపీలు అమ్మిన మనిషి కోసం అన్నాళ్ళు ఆగిన ప్రొడ్యూసర్ ఇక్కడ కనిపిస్తున్నారు. మెసేజ్ రాసినవాళ్ళకి కనిపించలేదు.

మూడో పాయింటు చదివినప్పుడల్లా నాకు చిరాకు పెరుగుతుంది: జాజ్ అంటే ఒకటే టేకు (ఒకసారి వాయించి రికార్డు చేయడం), పియానిస్టు తోచింది వాయిస్తాడు, ప్రొడ్యూసర్ స్విచ్ వేసి కూర్చుంటాడు. కీప్‌న్యూస్ 1956లోనే పియానిస్టు థెలోనియస్ మంక్‌తో 'బ్రిలియంట్ కార్నర్స్' చేశారు. సన్నీ రోలిన్స్, మాక్స్ రోచ్ లాంటి పేరున్న వాద్యకారులు గదిలో ఉన్నారు. అయినా టైటిల్ ట్యూన్‌కి 25 టేకులు పట్టాయి. ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా రాలేదు. చివరికి మనం వింటున్నది కీప్‌న్యూస్ టేపు ముక్కలు అతికించి తయారుచేసింది.

ఎవాన్స్‌తో పని ఇంకో రకం. 1961 ఫిబ్రవరిలో 'ఎక్స్‌ప్లోరేషన్స్' ఆల్బమ్ రికార్డింగ్ గొడవలతోనే జరిగింది. ఎవాన్స్‌కి తలనొప్పి, బాస్ అనే పెద్ద తీగ వాయిద్యం వాయించే స్కాట్ లఫారోతో వాదన, లఫారో చేతిలో తన సొంత బాస్ కూడా లేదు. ఈ రికార్డు బయటికి రావద్దన్నారు ఎవాన్స్. తర్వాత తీరిగ్గా విని మనసు మార్చుకున్నారు, తన రికార్డుల్లో ఇష్టమైనవాటిలో చేర్చుకున్నారు. ఇలాంటి మనిషితో పనిచేసే ప్రొడ్యూసర్‌కి ఎప్పుడు ఒత్తిడి చేయాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియాలి. దానికి స్విచ్ లేదు.

అదే ఏడాది జూన్ 25, ఆదివారం. న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో మధ్యాహ్నం రెండు సెట్లు (కచేరీ విడతలు), సాయంత్రం మూడు. అయిదూ రికార్డు చేశారు. కొన్ని ట్యూన్లు రెండేసి సార్లు, రెండు ట్యూన్లు మూడేసి సార్లు. మొదటి ట్యూన్ 'గ్లోరియాస్ స్టెప్' మధ్యలో కరెంటు పోయి టేపు ఆగిపోయింది. పదకొండు రోజులకి, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. పాతికేళ్ళవాడు. అప్పుడు ఎవాన్స్, కీప్‌న్యూస్ కూర్చుని ఆ టేపులన్నిటిలోంచి అతని బాస్ బాగా వినిపించేవి ఏరారు. ఆల్బమ్ అతని ట్యూన్‌తో మొదలై అతని ట్యూన్‌తోనే ముగుస్తుంది. ఆ ఏరివేతలో ఎంత ప్రేమ ఉందో, ఎంత దుఃఖం ఉందో ఆలోచించండి. "స్విచ్ వేసి కూర్చున్నాడు" అని రాయడానికి చేతులెలా వచ్చాయి?

ఇక అయిదోది. మిగతా నాలుగూ తప్పులు. ఇది ప్రమాదం. "హెరాయిన్ లేకపోతే ఆ సంగీతం లేదు, మత్తే ఆయన వేళ్ళని నడిపించింది" అట. దీనికి రుజువుగా ఓ సంఘటన కూడా ఇచ్చారు: కుడిచెయ్యి పనిచేయకపోయినా ఒక్క ఎడమచేత్తో కచేరీ వాయించారని.

ఆ సంఘటన జరిగింది. 1960ల మొదట్లో, వాన్‌గార్డ్‌లోనే. కుడిచెయ్యి ఎందుకు పనిచేయలేదో మెసేజ్ చెప్పలేదు. సూది గుచ్చుకుంటుంటే నరం దెబ్బతిని చెయ్యి చచ్చుబడింది. అంటే హెరాయిన్ పియానిస్టు నుంచి ఒక చేతిని తీసేసుకుంది. ఎడమచెయ్యీ పెడలూ పెట్టుకుని నెట్టుకొచ్చారంటే అది ఏళ్ళ తరబడి చేసిన సాధన. దాని పేరు మత్తు ఎలా అవుతుంది? దొంగ ఇల్లు దోచుకుపోతే, మిగిలిన గిన్నెలు దొంగే ఇచ్చాడని చెప్పినట్టుంది.

ఇంకోటి. వాన్‌గార్డ్ రికార్డులో బాస్ తోడుగా ఉండటం కాదు, పియానోతో సమానంగా మాట్లాడుతుంది. ఆ బాస్ వాయించిన లఫారో హెరాయిన్ జోలికి పోలేదు, ఆ విషయంలో ఎవాన్స్‌ని నిలదీసేవాడు కూడా. మరి అతని వేళ్ళని ఏది నడిపించింది? ఎవాన్స్ 1980 సెప్టెంబర్ 15న, 51 ఏళ్ళకి పోయారు. కాలేయం పాడైపోయింది, హెపటైటిస్‌కి వైద్యం మానేశారు, చివరి రోజుల్లో కొకెయిన్. ఇది ప్రేరణ అయితే, ప్రేరణ అనే మాటకి అర్థం మార్చేయాలి.

ఇదే పాయింటులో ఇంకో లైను ఉంది: "ఆ అలవాటుకి డబ్బు కంపెనీయే ఇచ్చింది." దీన్ని కూడా కొట్టిపారేయాలనే కూర్చున్నాను. కుదరలేదు, అది నిజం. అప్పులవాళ్ళు వెంటపడుతుంటే ఎవాన్స్ రివర్‌సైడ్‌కి వచ్చి అడ్వాన్స్ అడిగేవారు, కీప్‌న్యూస్ ఇచ్చేవారు. ఎక్కడికి పోతుందో తెలిసే ఇచ్చారు. 1962లో ఆల్బమ్‌లు వరసగా రావడానికి ఆ డబ్బు అవసరం కూడా ఓ కారణం. కీప్‌న్యూస్‌ని నేను ఎంత గౌరవించినా, ఆ స్థానంలో ఏం చేస్తే సరయ్యేదో నాకు తోచడం లేదు. ఇవ్వకపోతే ఆ మనిషి ఏమైపోయేవాడో ఊహించగలను. ఇస్తే ఏమైందో తెలుసు. మెసేజ్ మొత్తంలో ఆలోచించాల్సిన లైను ఇదొక్కటే. దాన్ని కూడా ఏదో గొప్ప త్యాగంలా రాశారు.

నాకు ఇది పంపిన స్నేహితుల్లో ఒకాయన తన కొడుక్కి కూడా పంపారట. వాడికి పదిహేడేళ్ళు, పియానో నేర్చుకుంటున్నాడు. అందుకే ఇంత రాశాను. గ్రూపుల్లో పెట్టినవాళ్ళు కనీసం అయిదో పాయింటు తీసేయండి. ఆ అబ్బాయికి నేను 'గ్లోరియాస్ స్టెప్' మూడు టేకులూ పంపాను, కరెంటు పోయినదానితో సహా. వరసగా విని, ఒకదానికీ ఇంకోదానికీ ఏం మారిందో రాసి పంపమన్నాను.