కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పకుండా మీథేన్ ఎలా తగ్గిస్తారు?

ఇప్పుడే ఇంటికొచ్చాను. వాతావరణ మార్పుపై మన రాష్ట్రం రాసుకుంటున్న ప్రణాళిక మీద అభిప్రాయాలు చెప్పమంటే వెళ్లాను. ఇంకా కోపం తగ్గలేదు.

మూడు గంటల మీటింగులో రెండున్నర గంటలు స్లైడ్లే, అవీ ఇంగ్లీషులో. వరిలో అస్తమానం నీళ్లు నిలబెట్టి ఉంచొద్దు, ఆరబెట్టి మళ్లీ తడి పెట్టండి, నిలిచిన నీళ్ల వల్ల పొలంలోంచి వచ్చే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తగ్గుతుంది అన్నారు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "ఆరబెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు సార్. మాది చివరి ఆయకట్టు. ఆరబెట్టాక కాలువ రాకపోతే? ఏ రోజు వదుల్తారో రాసిస్తారా?" అని అడిగాడు. "అది ఇరిగేషన్ వాళ్ల సబ్జెక్టండీ" అని మైకు పక్కాయనకి ఇచ్చేశారు. పెద్దాయన కండువా సర్దుకుని కూర్చున్నాడు.

ఆ పద్ధతి మంచిదే, నేనే నలుగురికి చెప్పాను. పొలంలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం మట్టికి 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకా ఆగి తడి పెడితే పంటకు నష్టం ఉండదు. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ కిలోకి కిలో దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది. కానీ తడి పెట్టాల్సిన రోజున నీళ్లుండాలి కదా! ఆ హామీ ఇవ్వాల్సిన శాఖ నుంచి హాల్లో ఒక్కరూ లేరు.

కేంద్రం 2008లో 8 మిషన్లతో జాతీయ ప్రణాళిక తెచ్చింది. మరుసటి ఏడాది రాష్ట్రాలనూ రాసుకోమంది. 2070కల్లా నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలే వాయువులూ తిరిగి తీసేసేవీ సమానం చేస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాటిచ్చాం. వ్యవసాయం, కాలువలు, ఊళ్ల రోడ్లు రాష్ట్రాల చేతిలోవే. మరి ఏ శాఖ, ఏ ఏడాదికి, ఎంత తగ్గించాలో రాయడానికి ఏమిటి అడ్డం? కాలిఫోర్నియా 2006లో చట్టమే చేసింది. 2020కి ఉద్గారాలు, అంటే గాల్లోకి వదిలే ఈ వేడి పెంచే వాయువులు, 1990 నాటి స్థాయికి రావాలని అంకె, గడువు పెట్టి, ఆ పని ఏ బోర్డుదో కూడా చెప్పింది. 2016కే ఆ స్థాయికి దిగారు. వాళ్లకి డబ్బుందంటారు. బాధ్యత ఎవరిదో ఒక్క పేరు రాయడానికి డబ్బెందుకు?

"ప్రజా రవాణాను ప్రోత్సహించాలి" అనే స్లైడు వచ్చినప్పుడైతే నాకు కడుపు రగిలిపోయింది. మా ఊరికి పొద్దున ఏడింటికి బస్సుండేది. కరోనాలో ఆపారు. తర్వాత వేశారు, పదకొండింటికి! కాలేజీ పిల్లలు ఎలా ఎక్కుతారు? ఎవరూ ఎక్కడం లేదని దాన్నీ తీసేశారు. మూడుసార్లు అర్జీ పెట్టాం. మా పక్కింటావిడ కూతురి చదువు ఆగకూడదని చెవి దిద్దులు తాకట్టు పెట్టి స్కూటీ కొనిచ్చింది. ఇప్పుడు ఇంటికో బండి. బస్ షెల్టర్‌లో ఎవరో గడ్డి మోపులు పెట్టుకున్నారు. ఉన్న బస్సు తీసేసి, జనాన్ని అప్పు చేసి పెట్రోలు బండి కొనేలా చేసి, ఇప్పుడు పొగ తగ్గించమని మాకే చెప్తారా?

బయటికొచ్చేటప్పుడు ఫారం ఇచ్చారు, అదీ ఇంగ్లీషే. పెద్దాయనది కూడా నేనే నింపాను. కాలువ నీళ్ల తేదీలు, ఏడింటి బస్సు అని రాశాను. ఆయన సంతకం పెట్టి, కాపీ ఇవ్వమన్నాడు. కాపీలు ఇవ్వడం లేదన్నారు. రెండు ఫారాలకూ ఫోటో తీసుకుని, ఆయన్ని షేర్ ఆటో ఎక్కించి వచ్చాను.