మూజువాణి ఓటు గారికి ఒక అభిమాని ఉత్తరం

శ్రీ మూజువాణి ఓటు గారికి, పార్లమెంటు భవనం, ఢిల్లీ.

అయ్యా,

సభలో ఎవరినీ లెక్కపెట్టకుండా, 'అవును', 'కాదు' అని అరిచే గొంతులను బట్టి తేల్చే ఓటు మీరు. మీకు రూపం లేదు, పార్టీ లేదు, మీ తరఫున ఎవరు గొంతెత్తారో రికార్డులో పేరు కూడా ఉండదు. అయినా మీకు నేను వీరాభిమానిని. ఎందుకో చెప్తా.

టీవీల్లో రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునే జాతీయ నాయకులు లోపల మంచి స్నేహితులని అందరూ అంటుంటారు. ఆ కథలు మాకు కంఠతా వచ్చు. కిడ్నీ జబ్బుతో ఉన్న వాజ్‌పేయిని రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితికి వెళ్లే బృందంలో వేసి, న్యూయార్క్‌లో వైద్యం చేయించుకుని మరీ రండని పంపారు. ఆ సంగతి రాజీవ్ పోయాక వాజ్‌పేయే బయటపెట్టారు. 1994లో జెనీవాలో కశ్మీర్ గొడవ వస్తే మన పీవీ ఏకంగా ప్రతిపక్ష నాయకుణ్ణే మన బృందానికి పెద్దగా పంపారు, ఆయనా వాజ్‌పేయే. 2019 జులైలో జైపాల్ రెడ్డి పోయినప్పుడు వెంకయ్యనాయుడు రాజ్యసభ చైర్మన్ కుర్చీలో కూర్చునే కన్నీళ్లు పెట్టుకున్నారు, ఒకప్పుడు మన అసెంబ్లీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు మరి. వీటి మీద నాకు వెటకారం లేదు. కాకపోతే ఇవన్నీ మనిషికీ మనిషికీ మధ్య సంగతులు. పార్టీకీ పార్టీకీ పెళ్లి చేసే పురోహితులు మాత్రం మీరు, ఆ దక్షిణ మీకు ఎవరూ ఇవ్వడం లేదని నా బాధ.

మిమ్మల్ని మా తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు లెండి. 2014 ఫిబ్రవరి 18న కాంగ్రెస్ పెట్టిన విభజన బిల్లుకు బీజేపీ చెయ్యందించింది, సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మను కూడా గుర్తుపెట్టుకోండని సుష్మా స్వరాజ్ గారు చెప్పారు, సరిగ్గా అప్పుడే లోక్‌సభ టీవీ ప్రసారం ఆగిపోయింది (సాంకేతిక లోపమట), మీరు వచ్చి పని కానిచ్చి వెళ్లిపోయారు. ఎవరి సంబరం వాళ్లది, ఎవరి కడుపుమంట వాళ్లది, ఆ పంచాయితీ ఇప్పుడు వద్దు.

నేను మీకు అభిమానినైంది 2018 మార్చి 14న. ఆ రోజు సభ ఎలా ఉందో గుర్తుందా? హోదా కోసం మన ఆంధ్రా ఎంపీలు, రిజర్వేషన్ల కోసం టీఆర్ఎస్ వాళ్లు, బ్యాంకు కుంభకోణం మీద కాంగ్రెస్ వాళ్లు, ఎవరి ప్లకార్డు వాళ్లది. చెవులు మూసుకోవాల్సినంత గోల. ఆ గోలలోనే, చర్చ లేకుండా, అరగంటలో దేశం మొత్తం బడ్జెట్ గట్టెక్కింది. అందులో ఓ మూల చిన్న సవరణ ఉంది. పార్టీలు తీసుకున్న విదేశీ విరాళాలకు సంబంధించి ఒక తేదీ మార్చారు, అంతే: 2010 సెప్టెంబర్ 26 తీసేసి 1976 ఆగస్టు 5 పెట్టారు.

ఎందుకంటారా? 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, బ్రిటన్ కంపెనీ చేతిలో ఉన్న వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు ప్రాథమికంగా తేల్చి, ఆరు నెలల్లో చర్య తీసుకోమంది. ఆ కేసు వేసినవాళ్లలో విశాఖలో ఉండే మన రిటైర్డు ఐఏఎస్ ఈఏఎస్ శర్మ గారు కూడా ఉన్నారు. చర్య బదులు చట్టమే మారింది. ఏది విదేశీ విరాళమన్న నిర్వచనాన్ని 2016లో ఒకసారి మార్చి, 2010 నుంచి వర్తిస్తుందన్నారు. తీరా చూస్తే ఆ డబ్బు అంతకు ముందుది! అందుకని 2018లో ఇంకాస్త వెనక్కి, నలభై ఏళ్లకు పైగా వెనక్కి జరిపారు. అప్పు తీర్చమంటే అప్పు పుట్టిన రోజునే కాలెండర్‌లోంచి చింపేసినట్టు. మార్చింది ఒక పార్టీ, మేలు రెండు పార్టీలకూ. ఇంతకంటే ఐకమత్యం ఏ దేశంలో ఉంది సార్?

అదే ఏడాది జులై 20న టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానం రోజున రాహుల్ గాంధీ నడుచుకుంటూ వెళ్లి మోదీని కౌగిలించుకుని, వెనక్కొచ్చి కన్ను కొట్టారు. ఆ కౌగిలి మీద జనం ఎంత మాట్లాడారో, ఎన్ని మీమ్స్ వచ్చాయో! తీర్మానానికి మాత్రం మిమ్మల్ని పిలవలేదు, అనుకూలం 126, వ్యతిరేకం 325 అని శుభ్రంగా లెక్కపెట్టారు. పాపం, నాలుగు నెలల ముందు మీరు పెట్టించిన అసలు కౌగిలికి ఒక్క మీమ్ కూడా నా కంట పడలేదు.

అందుకే మీకో సన్మానం చేద్దామనుకుంటున్నా. శాలువా ఎక్కడ కప్పాలో తెలియడం లేదు. భుజాలున్నట్టు ఒక ముక్క రాయండి.

ఇట్లు,
ఎప్పుడూ పేరు రాయించుకుని, వేలికి సిరా పూయించుకుని మరీ ఓటేసే
ఒక ఓటరు

తా.క.: 2025 మార్చిలో ఎంపీల జీతం లక్ష నుంచి లక్షా 24 వేలయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. ఈసారి సభలో ఓటింగే అక్కర్లేకపోయింది, ఐదేళ్లకోసారి దానంతటదే పెరిగే ఏర్పాటు 2018లో ఆ బడ్జెట్ గోలలోనే మీ చేత చేయించేశారు. మాజీ ఎంపీల పెన్షన్ కూడా 31,000కు పెరిగింది. మీ సర్వీసుకు ఎంతొస్తుందో ఒకసారి కనుక్కోండి.