మూడు కాళ్ల కుందేలుకు నాలుగు ఆధారాలు

పరిశోధన చేసేవాళ్లు ఏ ఆధారాన్ని నమ్మాలో తేలక ఊరికే టెన్షన్ పడిపోతున్నారు. నా పద్ధతి సులువు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ముందే ఖాయం చేసుకుంటాను. మూడని రాసినవాళ్లు నిపుణులు, నాలుగని రాసినవాళ్లు అమ్ముడుపోయినవాళ్లు. సాయంత్రానికి పని పూర్తవుతుంది.

"అలా కాదండీ, జర్నల్లో వచ్చిందా, సమీక్ష జరిగిందా చూడాలి" అంటారు కొందరు. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి కావాలనే తప్పులు పెట్టి, లేని శాస్త్రవేత్తల పేర్లతో ఒక కేన్సర్ మందు పత్రం అల్లాడు. దాన్ని 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకోగల) జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. అవి చిన్నాచితకా జర్నళ్లంటారా? టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పత్రాన్ని వేసింది సాక్షాత్తూ పేరుమోసిన వైద్య జర్నల్ లాన్సెట్. పన్నెండు మంది పిల్లల మీద రాసిన ఆ పత్రాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. తలకో ఏడాది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాలకూర కథ. ఎప్పుడో ఒక శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పుగా పెట్టాడట, పాలకూరలో ఇనుము పదింతలైందట, అది నమ్మే బొమ్మల కథల వీరుడు పొపాయ్ పాలకూర డబ్బాలకు డబ్బాలు మింగాడట. ఆధారాలు సరిచూసుకోకపోతే ఇంతే సుమా అని పెద్దలు దీన్ని చెబుతూ వచ్చారు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ కూడా చెప్పింది. 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు పనిలేక (పని ఉన్నవాడెవడైనా మూలం దాకా వెళ్తాడా?) తవ్వుకుంటూ పోతే, ఆ బిందువు పొరపాటుకు ఆధారమే దొరకలేదు. 1981 వ్యాసంలో మూలం ఇవ్వనే లేదు. బొమ్మల కథలో పొపాయ్ చెప్పిన కారణం ఇనుము కాదు, విటమిన్ ఎ. అంటే, ఆధారం చూసుకోండి అనే నీతికథను ఇన్నేళ్లూ ఎవరూ ఆధారం చూసుకోకుండానే చెప్పారు. తిలాపాపం తలా పిడికెడు.

వెబ్‌సైట్ల విషయంలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. చరిత్ర ప్రొఫెసర్లలో చాలామంది ఇచ్చిన పేజీలోనే పైకీ కిందకీ తిరిగి, లోగో చూసి, పేరు చూసి బోల్తాపడ్డారు. వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం చప్పున బయటికొచ్చి, ఆ సంస్థ గురించి ఇతరులేమంటున్నారో వెతికారు. ఎంత అమర్యాద! ఒకాయన తన గొప్పలు అంత ముచ్చటగా చెప్పుకుంటుంటే, మధ్యలో లేచిపోయి పక్కవాళ్లను వాకబు చేస్తారా? ఇల్లు అద్దెకిచ్చేటప్పుడైతే చేస్తాం. అది వేరు, అక్కడ మన డబ్బుంటుంది.

ఆధారం లేదని దిగులుపడేవాళ్లకు ధైర్యం చెప్పడానికి కొఆటీ అనే జంతువుంది. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి సరదాకి వికీపీడియాలో దానికి 'బ్రెజిల్ ఆర్డ్‌వార్క్' అని మారుపేరు తగిలించాడు. అసలు ఆఫ్రికాలో చీమలూ చెదలూ తిని బతికే ఆర్డ్‌వార్క్‌కూ దానికీ చుట్టరికమే లేదు. పత్రికలు ఆ పేరును ఎత్తి రాసుకున్నాయి. తర్వాత వికీపీడియాలో ఆ పేరుకు ఆధారంగా ఆ పత్రికలనే చూపించారు.

కాబట్టి కుందేలు కాళ్ల గురించి ఎవరైనా నిలదీస్తే మొహమాటపడకుండా ఈ వ్యాసాన్ని చూపించండి. వచ్చే వ్యాసంలో నేను మిమ్మల్ని చూపిస్తాను. ఆధారాలు రెండవుతాయి.