థెరపిస్టుకు గది ఇవ్వకండి, క్లాసులోకి రానివ్వండి

మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డుకు పెంకు ఒలుచుకోలేని పిల్లలు ప్రతి సర్కారు బడిలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. పక్కన కూర్చున్న పిల్లలు ఒలిచిపెడతారు, లేదంటే ఆయమ్మ. క్లాసులోనూ వాళ్లు బోర్డు మీది నాలుగు లైన్లు ఎక్కించుకునేలోగా టీచర్ బోర్డు తుడిచేస్తారు. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కుతారంటే వెనక పేజీ మీద అక్షరాలు వేలికి తగులుతాయి. బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. పడిపోకుండా ఒక చేత్తో బెంచీ పట్టుకుంటారు కాబట్టి పుస్తకం కదలకుండా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఉండదు. ఇన్ని జరుగుతున్నా ప్రోగ్రెస్ కార్డులో పడేది ఒక్క మాటే: ‘చేతిరాత మెరుగుపడాలి.’ తల్లిదండ్రుల దగ్గర మాత్రం ఇంకో మాట కూడా అంటారు, బద్ధకం అని.

సరిగ్గా ఇవన్నీ చూడాల్సిన మనిషి ఆక్యుపేషనల్ థెరపిస్టు. తినడం, గుండీలు పెట్టుకోవడం, రాయడం, లైన్లో నిలబడటం, టాయిలెట్‌కు వెళ్లి రావడం లాంటి రోజువారీ పనులు పిల్లలకు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసి, ఏం నేర్పాలో, ఏ వస్తువును మార్చాలో తేల్చడం ఈ వృత్తి. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కదలికను చూస్తే, వీళ్లు ఆ కదలికతో చేయాల్సిన పనిని చూస్తారు. మన దేశంలో ఇదేమీ కొత్త వృత్తి కాదు. ముంబై కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ 1950లోనే దీనికి శిక్షణ మొదలుపెట్టారు. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ‘ఓటీ’ (ఆక్యుపేషనల్ థెరపీ) అంటే ఈరోజు ప్రైవేటు సెంటర్లో ఉయ్యాల, పెద్ద బంతి, సెషన్‌కు ఇంత ఫీజు. ప్రభుత్వ బడి పిల్లలకు అది కూడా లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఈ మాట పరిచయమైంది బడి ద్వారానే. అక్కడ 1975లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రత్యేక విద్య పొందే పిల్లలకు చదువు ఒంటబట్టడానికి ఓటీ అవసరమని తేలితే, పబ్లిక్ స్కూలే దాన్ని ఉచితంగా ఇవ్వాలి. ఏం సాధించాలి, వారానికి ఎన్ని నిమిషాలు ఇవ్వాలి అన్నది పిల్లల ప్రణాళికలో రాసి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడతారు. ఇక్కడే మన తల్లిదండ్రులకు ఒక అసంతృప్తి ఉంటుంది. ఇంట్లో జుట్టు కత్తిరించనివ్వడం లేదు, దానికీ సాయం చేయండి అంటే, అది బడి పని కాదు, క్లినిక్‌కు తీసుకెళ్లండి అంటారు. బాధగానే ఉంటుంది గానీ ఆ గీతలో ఒక తెలివి ఉంది. బడిలో థెరపిస్టు ఉన్నది బడి రోజు సాఫీగా సాగడానికి.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సాస్‌లో రాష్ట్ర విద్యాశాఖ 2004 నుంచి ఒక లెక్క పెట్టింది: ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం దాటితే అక్కడి బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ సంజాయిషీ చెప్పుకోవాలి. దాంతో అర్హులైన పిల్లలు బయటే ఉండిపోయారు. ఇది చట్టాన్ని ఉల్లంఘించడమేనని ఫెడరల్ విద్యాశాఖ 2018లో తేల్చింది. ఎంత గట్టి చట్టమైనా, లోపలికి రానిచ్చే తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారన్నదే చివరికి లెక్క.

మన తలుపు పేరు సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు అందులో ఉన్నాయి. మంచిదే. కానీ పైన చెప్పిన గుడ్డు ఒలవలేని పిల్లల్లో చాలామంది ఆ జాబితాలో ఎక్కడా దొరకరు. చేతులు, కళ్లు, శరీరం కలిసి పనిచేయడంలో తడబడే స్థితిని వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఇది ఉంటుంది. అంటే నలభై మంది క్లాసులో ఇద్దరు. వీళ్లకు శాతం రాదు, శాతం రాకపోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే మన విద్యాశాఖ దృష్టిలో సమస్యే లేదు.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లకైనా ఏం అందుతోంది? మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే ప్రత్యేక టీచర్లు, ఐఈఆర్‌పీలు, పాఠం చెబుతారు, మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు వెళ్తారు. వారానికోసారి ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్లే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ఉపకరణాల క్యాంపులు జరుగుతాయి. ఇదంతా బడి ఆవరణలోనో పక్కనో జరుగుతుంది గానీ క్లాసు గది గడప దాటదు. కాలిపర్ వేసుకున్న పిల్ల భవితలో చక్కగా నిలబడుతుంది, క్లాసులో మాత్రం మూడో బెంచీకి వెళ్లే దారి లేక తలుపు పక్కనే కూర్చుంటుంది. పదో తరగతికి వచ్చాక పరీక్షలో బదులు రాసిపెట్టే స్క్రైబ్‌ను ఇస్తాం, గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తాం. అంతకుముందు పదేళ్లు ఆ పిల్ల నోట్సు ఎలా రాసుకుందో ఎవరూ అడగరు.

కాబట్టి ఓటీ పోస్టులు ఇమ్మని అడిగేటప్పుడు ఏం అడుగుతున్నామో స్పష్టంగా ఉండాలి. భవితలో ఇంకో గది, దానిలో రంగురంగుల సామాన్లు, పిల్లల్ని క్లాసు మాన్పించి అరగంట సెషన్, ఇది నాకు అక్కర్లేదు. రిబ్బన్ కటింగ్ ఫొటోకు బాగుంటుందంతే. కెనడాలోని ఒంటారియోలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు ‘పార్ట్‌నరింగ్ ఫర్ చేంజ్’ పేరుతో ఒక పద్ధతి రూపొందించారు. థెరపిస్టు బడిలోనే ఉండి పనిచేస్తారు. పాఠం జరుగుతుండగా క్లాసులో కూర్చుని చూస్తారు. నిర్ధారణ కాగితం కోసం ఆగరు. అందరికీ పనికొచ్చే మార్పు ముందు చేస్తారు, దానితో సరిపోని పిల్లల మీద తర్వాత దృష్టి పెడతారు. టీచర్‌కు నేర్పడం ఇక్కడ సగం పని. సర్టిఫికెట్ల క్యూలో నలిగిపోయే మనకు ఇది బాగా సరిపోతుందని నా అభిప్రాయం.

ఇందులో ఖరీదైనది మనిషి జీతమే, సామాన్లు కావు. కాళ్లు అందని పిల్లకు పాదాల కింద రెండు ఇటుకల మీద ఒక చెక్క. ఆఫీసు బాక్స్ ఫైలును అడ్డంగా పెడితే రాతకు ఏటవాలు బల్ల తయారవుతుంది. పొడవు పెన్సిల్‌కు బదులు చిన్న ముక్క ఇస్తే పిడికిలి బిగించి పట్టుకునే వీలుండదు, వేళ్లతోనే పట్టుకోవాలి. పళ్లెం కింద తడిగుడ్డ వేస్తే జారదు. కుదురుగా కూర్చోలేని పిల్లాణ్ని ‘ఈ నోటు పుస్తకాలు పక్క క్లాసు టీచర్‌కు ఇచ్చి రా నాన్నా’ అని పంపితే, బరువు మోసి నడిచొచ్చాక ఇంకో పది నిమిషాలు కుదురుగా ఉండొచ్చు. అనుభవమున్న మన టీచర్లలో కొందరు ఇవి ఎప్పటినుంచో సొంత తెలివితో చేస్తూనే ఉన్నారు. ఏ పిల్లకు ఏది, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది చెప్పడానికే చదువుకున్న మనిషి కావాలి.

ఉన్న స్పెషల్ టీచర్ పోస్టులకే దిక్కు లేదు, మళ్లీ ఇదొకటా అని అడగొచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రైమరీలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అది జరగాల్సిందే. ఓటీ మాత్రం ప్రతి బడికీ అక్కర్లేదు. మొదట మండలానికి ఒకరు చాలు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్లతో కూర్చోవాలి, మిగతా రోజుల్లో బడులు తిరగాలి.

ఇక డబ్బు. బడి చదువుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు పెట్టే సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏడాదికి రూ.3,500 వరకు ఇస్తారు. మండలంలో వందమంది ఉన్నారనుకున్నా మూడున్నర లక్షలు. ఉపకరణాలు, పుస్తకాలు, రాకపోకలు అన్నీ అందులోంచే చూడాలి. దాన్లోంచి జీతం తీస్తే పిల్లల వీల్‌చైర్ డబ్బు తీసి థెరపిస్టుకు ఇచ్చినట్టు. రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా పోస్టు రాయాలి. కాంట్రాక్టు మీద వేస్తామంటే, నాలుగున్నరేళ్లు చదివొచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే ఏ ప్రైవేటు సెంటర్‌కో విదేశానికో వెళ్లిపోతారు. ఐఈఆర్‌పీల కాంట్రాక్టు బతుకు వాళ్లకు కనబడుతూనే ఉంది కదా.